గట్టి ముక్కే మెత్తనవుతుంది: సన్నసెగ మీద గొడ్డుమాంసం వండడం ఎలా

గొడ్డుమాంసాన్ని సన్నసెగ మీద గంటల తరబడి మగ్గబెట్టే వంటలో చాలామంది దెబ్బతినేది మొదట్లో కాదు, చివర్లో కాదు, సరిగ్గా మధ్యలో. పొయ్యి మీద పెట్టిన గంటన్నరకు మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుంటారు. దవడలు నొప్పి పుట్టేలా నమిలినా నలగదు. ఇంతసేపు ఉడికినా ఇలా ఉందేమిటి అని కంగారుపడి మంట పెంచుతారు, లేదంటే ఇంకో చెంబు నీళ్లు పోస్తారు, అదీ కాకపోతే ఇక దీనికి ఇంతే అనుకుని దించేస్తారు. మూడూ వంటను పాడుచేసేవే. ఆ సమయానికి మాంసం గట్టిగానే ఉంటుంది, ఉండాలి కూడా. నిజానికి పచ్చిగా ఉన్నప్పటికంటే అప్పుడే ఎక్కువ బిగిసి ఉంటుంది. మంట పెంచకుండా, తగ్గించకుండా ఇంకో గంటన్నర వదిలేస్తే అదే ముక్క ఫోర్కు తగలగానే పోగులు పోగులుగా విడిపోతుంది. ఈ ఒక్క సంగతిని నమ్మగలిగితే మిగిలిన పనంతా తేలికే.

నమ్మడానికి కారణం తెలిస్తే మంచిది కాబట్టి, గిన్నె లోపల జరిగేది ముందు చెప్పేస్తాను. మాంసంలో కండ పోగులు ఉంటాయి, ఆ పోగులను కట్టలు కట్టలుగా పట్టి ఉంచే కొల్లాజెన్ అనే తెల్లని పొరలు ఉంటాయి. వేడి 50 డిగ్రీల సెల్సియస్ చేరేసరికి కండ పోగులు బిగుసుకోవడం మొదలవుతుంది. 60 నుంచి 65 డిగ్రీల మధ్య కొల్లాజెన్ పొరలు ముడుచుకుని, లోపలి పోగులను గట్టిగా నొక్కుతాయి. తడిబట్టను పిండినట్టు మాంసంలోని నీరంతా బయటికి వస్తుంది. ముక్క చిన్నదవుతుంది, గట్టిపడుతుంది. మధ్యలో రుచి చూసినవారికి దొరికేది ఈ దశే. అయితే 70 డిగ్రీలు దాటాక అదే కొల్లాజెన్ కరిగి జిలాటిన్‌గా మారడం ఊపందుకుంటుంది. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఆ పని చక్కగా సాగుతుంది, కానీ దానికి గంటలు పడుతుంది. పోగులను కట్టి ఉంచినది కరిగిపోయాక అవి వాటంతట అవే విడివడతాయి. కరిగిన జిలాటిన్ వాటికి పూతలా పట్టి, నోటికి తేమగా, నున్నగా తగులుతుంది.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. గ్రేవీలో మునిగి ఉంది కదా, మాంసం ఎందుకు ఎండిపోతుంది అనుకుంటాం. మునిగి ఉన్నా ఎండిపోతుంది. వేడికి పోగులు పిండే నీటిని చుట్టూ ఉన్న ద్రవం ఆపలేదు. కొవ్వు, కొల్లాజెన్ లేని ముక్కను ఎంత పులుసులో వేసి ఎంతసేపు ఉడికించినా పొడిపొడిగానే మిగులుతుంది. తినేటప్పుడు మనకు తేమగా అనిపించేది నీరు కాదు, కరిగిన జిలాటిన్, కరిగిన కొవ్వు. అందుకే ఈ వంటలో సగం గెలుపు ముక్క ఎంచుకోవడంలోనే ఉంది.

ఏ ముక్క కొనాలి

పశువు బతికినంతకాలం బాగా పనిచేసిన కండరాలు కావాలి. నడిచిన కాళ్లు, బరువు మోసిన భుజం, నమిలిన దవడ. వీటిలోనే కొల్లాజెన్ ఎక్కువ. మొదటిసారి చేసేవారికి నేను చెప్పేది భుజం మాంసమే. అందులో కండ, కొవ్వు, తెల్లని పొరలు మూడూ తగు పాళ్లలో ఉంటాయి, సమయం కాస్త అటూ ఇటూ అయినా చెడిపోదు. మోకాలి కింది పిక్క మాంసంలో కొవ్వు తక్కువ, కొల్లాజెన్ చాలా ఎక్కువ. గ్రేవీ చిక్కగా రావాలంటే దానికి సాటి లేదు. ఎముకతో సహా నాలుగైదు సెంటీమీటర్ల మందాన అడ్డంగా కోయించుకుంటే మూలుగ కూడా దక్కుతుంది. పక్కటెముకల మాంసం అన్నిటికంటే రుచి, కానీ కొవ్వు బాగా ఊరుతుంది కనుక తర్వాత తీసివేసే పని పెట్టుకోవాలి. రొమ్ము భాగం పెద్ద ముక్కగా వండి, చివర్లో పలుచగా కోసుకోవడానికి బాగుంటుంది. దవడ, తోక దొరికితే వదలకండి. వాటికి మరో గంట ఎక్కువ ఇవ్వాలి, అంతే.

నడుము దగ్గర లోపలివైపు ఉండే మెత్తటి ముక్క, అండర్‌కట్ అని ఖరీదుగా అమ్మేది, దీనికి పనికిరాదు. మెత్తటిది కొంటే ఇంకా మెత్తగా వస్తుందని అనుకోకండి. దానిలో కరగడానికి ఏమీ లేదు, మూడు గంటలు ఉడికితే పీచు మిగులుతుంది. వెనక తొడలోని కొవ్వు లేని ఎర్రటి ముక్క చూడడానికి శుభ్రంగా కనబడుతుంది గానీ అదీ అంతే. చాలా దుకాణాల్లో కూరకు అని ముందే కోసి పెట్టే ముక్కల్లో నాలుగు భాగాల నుంచి వచ్చినవి కలిసిపోతాయి. కొన్ని రెండు గంటలకు విడిపోతాయి, కొన్ని నాలుగు గంటలకు కూడా గట్టిగా ఉంటాయి. ఒకే పెద్ద ముక్క తీసుకుని ఇంట్లో కోసుకోవడం ఎప్పుడూ మేలు.

కొలత విషయానికొస్తే, ఉడికాక మాంసం బరువు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఆరుగురికి ఎముక లేని మాంసం ఒకటిన్నర కిలో పెట్టుకోండి. ఇక్కడి నుంచి చెప్పే కొలతలన్నీ ఆ ఒకటిన్నర కిలోకే.

ముందురోజు చేసే పని

మాంసం గడ్డకట్టి ఉంటే ఫ్రిజ్‌లోనే, కింది అరలో, ఒక పళ్లెంలో పెట్టి కరగనివ్వండి. బయట గట్టు మీద వదిలేయకండి, లోపల ఇంకా మంచులా ఉండగానే పైభాగంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. కుళాయి కింద కడగాల్సిన అవసరమూ లేదు. కడిగితే సింకు చుట్టూ నీటి తుంపరలు పడతాయి, వాటితోపాటు సూక్ష్మజీవులూ పడతాయి. అవి చచ్చేది పొయ్యి మీద. కాగితపు తువ్వాలుతో అద్ది తుడిస్తే చాలు.

ముక్కను గట్టు మీద పెట్టుకుని ఒకసారి నిదానంగా చూడండి. బయటివైపు వెండిలా మెరుస్తూ పలుచటి, సాగని పొర ఒకటి కనిపిస్తే దాన్ని తీసేయాలి. కత్తి మొన దాని కిందికి దూర్చి, అంచు పైకి తిప్పి, పొరను ఇంకో చేత్తో లాగుతూ జరిపితే ఊడి వస్తుంది. అది ఎంత ఉడికినా సరిగా కరగదు, ముక్క చుట్టూ బిగుసుకుని వంకరలు తిప్పుతుంది. కానీ కండల మధ్యన తెల్లగా గీతల్లా కనిపించే పొరలను మాత్రం ముట్టుకోకండి. శుభ్రం చేస్తున్నామనుకుని చాలామంది వాటినే కోసి పారేస్తారు. ఈ వంట నడిచేదే వాటి మీద. బయట మందంగా పేరుకున్న గట్టి కొవ్వును కొంత తగ్గించండి, లోపలి కొవ్వును ఉండనివ్వండి.

ఇప్పుడు ముక్కలు కోయాలి. మీరు అనుకునేదానికంటే పెద్దవిగా కోయండి, ఐదారు సెంటీమీటర్లు ఉండాలి. చిన్న ముక్కలు తొందరగా ఉడికిపోతాయని అనుకుంటాం, నిజానికి తొందరగా ఎండిపోతాయి. పైగా కొల్లాజెన్ కరగడానికి పట్టే కాలం ముక్క చిన్నదైనంత మాత్రాన పెద్దగా తగ్గదు.

తర్వాత ఉప్పు. 18 నుంచి 20 గ్రాముల మెత్తటి ఉప్పు, అంటే తలకొట్టిన చిన్న చెంచాతో మూడు, అన్ని వైపులా పట్టించి మూత లేకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. మొదట ఉప్పు నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలోనే కరిగి తిరిగి లోపలికి ఇంకుతుంది. వంట మొదలుపెట్టే ముందు వేసిన ఉప్పు ముక్క పైభాగానికే పరిమితమవుతుంది, రాత్రంతా ఉంచితే చాలా లోపలిదాకా వెళుతుంది. మూత పెట్టకపోవడం వల్ల పైన తేమ ఆరిపోతుంది, అది మర్నాడు వేయించేటప్పుడు కలిసొస్తుంది. తీరిక లేకపోతే వంటకు గంట ముందైనా పట్టించండి. గ్రేవీకి వాడబోయే స్టాక్‌లో, అంటే ఎముకలు, కూరగాయలు ఉడికించి తీసిన రసంలో, ఉప్పు ఉంటే ఆ మేరకు తగ్గించడం మరవకండి.

రంగు తెప్పించడం

అడుగు మందంగా ఉన్న, మూత బాగా పట్టే వెడల్పాటి గిన్నె తీసుకోండి. ఎనామెల్ పూత ఉన్న పోత ఇనుప గిన్నె అన్నిటికంటే మంచిది. అది లేకపోతే మందపాటి స్టీలు గిన్నె. పూత లేని అల్యూమినియం గిన్నె వద్దు. టమాటా, వైను, వెనిగర్ లాంటి పులుపు గంటల తరబడి దానిలో ఉడికితే గ్రేవీకి లోహపు వాసన పడుతుంది.

గిన్నెలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి, నూనె కదలికలో అలలు కనిపించేదాకా కాగనివ్వండి. మాంసాన్ని ఇంకోసారి తుడవండి. ఇది అతిజాగ్రత్త కాదు. ముక్క ఎర్రబడాలంటే దాని ఉపరితలం 140 డిగ్రీలు దాటాలి, పైన నీరున్నంతసేపూ 100 దాటదు. తడి ముక్క నూనెలో వేగదు, తన ఆవిరిలో తాను ఉడికి బూడిదరంగుకు వస్తుంది.

ముక్కల మధ్య రెండు వేళ్ల ఎడం ఉండేలా కొన్నింటినే వేయండి. ఒకటిన్నర కిలోను మూడు విడతలుగా వేయించాల్సి వస్తుంది. అన్నీ ఒకేసారి వేస్తే గిన్నె చల్లబడి నీరు ఊరుతుంది. వేసిన ముక్కను కదపకండి. మొదట గిన్నెకు అంటుకుని ఉంటుంది, మూడు నాలుగు నిమిషాలకు కింద పొర గట్టిపడి తనంతట తాను వదులుతుంది. పట్టకారుతో లాగితే రాలేదంటే ఇంకా కాలేదన్నమాట. రెండు వైపులా ముదురు గోధుమ రంగు వస్తే చాలు, ఆరు వైపులా తిప్పుతూ నిలబడనక్కర్లేదు. అంతసేపు వేయిస్తే బయటి పొర చర్మంలా మందమవుతుంది.

ఇలా వేయిస్తే ముక్క లోపలి రసం బయటికి రాకుండా మూసుకుపోతుందని ఇప్పటికీ చెబుతుంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన అభిప్రాయం అది. తర్వాతి ప్రయోగాల్లో నిలబడలేదు. వేయించిన ముక్క నుంచి కూడా నీరు కారుతూనే ఉంటుంది, నూనెలో చిటపటలు వినిపించేది అందుకే. మనం వేయించేది రుచి కోసం. ఎర్రబడిన పొరలో పుట్టే వందల రకాల వాసన పదార్థాలు తర్వాత మూడు గంటలపాటు గ్రేవీలోకి దిగుతాయి. అవి నీటిలో ఎంత ఉడికించినా పుట్టవు.

అడుగున పట్టిన పొర

ముక్కలన్నీ పళ్లెంలోకి తీశాక గిన్నె అడుగు చూడండి. ముదురు గోధుమ రంగులో అంటుకుని ఉన్న పొర గ్రేవీకి ప్రాణం. నల్లగా మాడిన చోట్లు ఉంటే మాత్రం వాటిని తుడిచేయాలి, ఆ చేదును తర్వాత ఏదీ కప్పలేదు. పళ్లెంలో ఊరిన రసాన్ని పారబోయకండి.

మంట మధ్యస్థంగా తగ్గించి, రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, ఉంటే రెండు సెలరీ కాడలు ముతకగా తరిగి వేయండి. చిటికెడు ఉప్పు వేస్తే ఉల్లిపాయల్లోంచి నీరు ఊరి, అడుగున పట్టినది మెల్లగా వదలడం మొదలవుతుంది. పది పన్నెండు నిమిషాలకు అంచులు ఎర్రబడతాయి. అప్పుడు ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, నిమిషం ఆగి రెండు పెద్ద చెంచాల టమాటా పేస్టు వేయండి. పేస్టును పచ్చివాసన పోయేదాకా కాదు, రంగు మారేదాకా వేయించాలి. ప్రకాశవంతమైన ఎరుపు ఇటుక రంగులోకి తిరిగి, నూనె పక్కలకు వదిలితే అయినట్టు. టమాటాల్లో సహజంగా ఉండే గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థం మాంసం రుచిని నిలబెడుతుంది. ఎండు పుట్టగొడుగులు నాలుగైదు నానబెట్టి వేసినా, ఒక చెంచా సోయా సాస్ వేసినా ఇదే మేలు జరుగుతుంది.

ఇప్పుడు పావు లీటరు రెడ్ వైను పోసి, చెక్క గరిటెతో అడుగు గీకండి. గరిటె నిలువుగా కాక ఏటవాలుగా పట్టుకుని, అంచు అడుగుకు ఆనించి తోయాలి. పొర మొత్తం కరిగి, గరిటె అడుగు మీద నున్నగా జారితే ఆపండి. వైను వాడనివారు అంతే పరిమాణంలో స్టాక్ పోసి, ఒక పెద్ద చెంచా వెనిగర్ కలపవచ్చు. కావాల్సింది కాస్త పులుపే. వైను పోసినవారు దాన్ని సగానికి మరగనివ్వాలి, లేకపోతే పచ్చి సారాయి వాసన చివరిదాకా వెంటాడుతుంది.

తర్వాత మాంసం, పళ్లెంలోని రసం, రెండు బిర్యానీ ఆకులు, పది పన్నెండు మిరియాలు వేయండి. లవంగం, దాల్చినచెక్క, అనాస పువ్వు ఇష్టమైతే ఒక్కొక్కటి చాలు. మూడు గంటల్లో మసాలా దినుసు తనలో ఉన్నదంతా వదిలేస్తుంది, రెండు లవంగాలు నాలుగైనంత ఘాటు వస్తుంది.

ఆ పైన స్టాక్ లేదా నీరు. ఎంత అన్నది చాలా ముఖ్యం. మాంసం మునగకూడదు. ముక్కల ఎత్తులో సగానికి పైన, మూడింట రెండు వంతుల దాకా వస్తే సరిపోతుంది. ఆరు వందల మిల్లీలీటర్లు మొదట పోసి చూసుకోండి. మాంసం నుంచి కూడా బాగా రసం ఊరుతుంది కాబట్టి, మొదట తక్కువనిపించింది గంటకు సరిపోతుంది. ఎక్కువ పోస్తే అది ఉడకబెట్టిన మాంసం అవుతుంది, రుచంతా నీటిలో పలుచబడిపోతుంది. ద్రవం పైకి తేలి ఉన్న ముక్కల అంచులు మూత కింద మెల్లగా ఎర్రబడి మరింత రుచి తెస్తాయి.

సెగ

వంట మొత్తంలో మీరు నిజంగా నేర్చుకోవాల్సింది ఈ సెగే, కనుక ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందు గిన్నెను ఒక్కసారి మరిగే స్థితికి తీసుకురండి. వెంటనే మంట పూర్తిగా తగ్గించండి. ఐదు నిమిషాలాగి మూత తీసి ద్రవం పైభాగాన్ని చూడండి. గిన్నె అంతా బుడగలతో కుతకుతలాడుతుంటే మంట ఎక్కువ. ఏ కదలికా లేకపోతే తక్కువ. ఒక మూల ఒక బుడగ నిదానంగా పైకి వచ్చి పగలాలి, రెండు సెకన్లకు ఇంకో చోట ఇంకొకటి. మధ్యమధ్య పైభాగం మెల్లగా వణకాలి. థర్మామీటర్ ఉన్నవారికి ఆ ద్రవం 85 నుంచి 95 డిగ్రీల మధ్య కనిపిస్తుంది. లేనివారికి ఆ బుడగే కొలత.

గలగలా మరిగితే ఏం నష్టం? రెండు నష్టాలు. పోగులు మరీ బిగుసుకుని, కొల్లాజెన్ కరిగేలోపే ఎక్కువ నీరు పోగొట్టుకుంటాయి. ముక్క విడిపోతుంది కానీ నోట్లో దూదిలా పొడిగా తగులుతుంది. రెండోది గ్రేవీకి జరిగేది. పైకి తేలాల్సిన కొవ్వును ఆ కుదుపు చిన్న చిన్న బిందువులుగా చిలికి ద్రవంలో కలిపేస్తుంది. గ్రేవీ మబ్బుగా, జిడ్డుగా తయారవుతుంది, తర్వాత తీసేద్దామన్నా కొవ్వు విడిగా రాదు.

పొయ్యి మీద వండేవారికి అన్నిటికంటే చిన్న బర్నర్ కావాలి. దాని కనీస మంట కూడా ఎక్కువైతే గిన్నె కింద మందపాటి పెనం పెట్టండి. ఇరవై ముప్పై నిమిషాలకొకసారి వచ్చి చూడాలి, అడుగు అంటకుండా గిన్నెను మెల్లగా తిప్పి పెట్టాలి.

ఓవెన్ ఉంటే మాత్రం నా ఓటు ఓవెన్‌కే. పొయ్యి ఒక్క అడుగునుంచే వేడి ఇస్తుంది, ఓవెన్ నాలుగు వైపుల నుంచీ ఇస్తుంది. అడుగంటే భయం దాదాపు ఉండదు. 150 డిగ్రీలకు ముందే వేడిచేసి, మూతను ఒక పక్క వేలెడు సందు ఉండేలా జరిపి లోపల పెట్టండి. ఆ సందే కీలకం. మూత గట్టిగా బిగిస్తే లోపలి ద్రవం కాసేపటికి గలగలా మరుగుతుంది. సందు ఉంటే ఆవిరి పోతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, ద్రవం మరిగే స్థితికి దిగువనే నిలుస్తుంది. గ్రేవీ కూడా తనంతట తాను చిక్కబడుతుంది. గంటకొకసారి చూసి, ద్రవం సగానికి దిగువకు పోతే వేడి నీళ్లు కొంచెం కలపండి. చన్నీళ్లు పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్లీ అందుకోవడానికి సమయం పడుతుంది.

బంగాళాదుంపలు, తినడానికి ఉద్దేశించిన క్యారెట్ ముక్కలు ఇప్పుడే వేయకండి. చివరి ముప్పావు గంటలో వేయండి. గ్రేవీలో పులుపు ఉంటే కూరగాయలు మామూలుగా కంటే నిదానంగా మెత్తబడతాయని గుర్తుంచుకుని కాస్త చిన్నవిగా తరగండి. మొదట వేసిన క్యారెట్, ఉల్లి తమ రుచి మొత్తం ఇచ్చేసి నీరసంగా మిగులుతాయి. వాటి పని అంతవరకే.

అయిందని ఎలా తెలుస్తుంది

గడియారం చెప్పదు. భుజం మాంసం ఐదారు సెంటీమీటర్ల ముక్కలకు రెండున్నర నుంచి మూడున్నర గంటలు, పిక్కకు, పక్కటెముకలకు మూడు నుంచి నాలుగు, తోకకు నాలుగు పైన అన్నది అంచనా మాత్రమే. ముదురు పశువు మాంసంలో కొల్లాజెన్ గట్టిగా అల్లుకుని ఉంటుంది, అది ఇంకో గంట తీసుకున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాబట్టి అతిథులు వచ్చే సమయానికి గంటన్నర ముందే అయిపోయేలా లెక్క వేసుకోండి. ముందే అయిన ఈ వంట ఎదురుచూస్తుంది, ఆలస్యమైనది మాత్రం ఎవరి తొందరకూ లొంగదు.

రెండు గంటలకు మొదటిసారి పరీక్షించండి. ఫోర్కును ముక్కలోకి గుచ్చి, పైకి లాగకుండా పావు వంతు తిప్పండి. ముక్క మొత్తం ఫోర్కుతో పాటు తిరిగితే ఇంకా బిగిసే ఉంది. పోగులు కాస్త కదిలి ఆగిపోతే అరగంట పడుతుంది. ఏ బలమూ పెట్టకుండా పోగులు పక్కకు జరిగిపోతే అయింది. ఒక్క ముక్కతో తీర్పు ఇవ్వకండి, వేర్వేరు చోట్ల నుంచి మూడు ముక్కలు చూడండి. థర్మామీటర్ గుచ్చితే ముక్క మధ్యలో 90 నుంచి 95 డిగ్రీలు కనిపిస్తుంది, కానీ ఆ అంకె చేరిన క్షణానే అయిపోయినట్టు కాదు, అక్కడ కొంతసేపు నిలవాలి. చేతికి తెలిసిందే అసలు తీర్పు.

అతిగా ఉడకడం కూడా ఉంది. ద్రవంలో ఉందిలే అని ఆరేడు గంటలు వదిలేస్తే జిలాటిన్ అంతా ముక్క వదిలి గ్రేవీలోకి పోతుంది, పోగులు మాత్రమే నారలా మిగులుతాయి. విడిపోయిన వెంటనే సెగ ఆపండి.

ఆపాక మూత పెట్టి అరగంట కదపకుండా వదలండి. వేడి కొంచెం దిగేకొద్దీ చుట్టూ ఉన్న రసంలో కొంత తిరిగి ముక్కల్లోకి చేరుతుంది. మరుగుతున్న గిన్నెలోంచి తీసి పళ్లెంలో పెట్టిన ముక్క నుంచి ఆవిరి రూపంలో తేమ పోతూనే ఉంటుంది, పది నిమిషాల్లో పైన ఎండిపోతుంది. ఈ అరగంట ఓపిక పట్టలేక చాలామంది మంచి వంటను కొంచెం తక్కువ మంచి వంటగా వడ్డిస్తారు.

గ్రేవీ

ముక్కలను జల్లిగరిటెతో మెల్లగా ఒక లోతు పళ్లెంలోకి తీసి, మీద రెండు గరిటెల రసం పోసి మూత పెట్టండి. మిగిలినదాన్ని వడకట్టండి. అడుగున మిగిలిన కూరగాయలను గరిటెతో నొక్కి రసం రాబట్టి పారేయవచ్చు, నచ్చితే మెత్తగా రుబ్బి గ్రేవీలోనే కలపవచ్చు. నాకు వడకట్టినదే ఇష్టం, రుచి స్పష్టంగా ఉంటుంది.

పది నిమిషాలు నిలవనిచ్చి పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసేయండి. మిగిలిన ద్రవాన్ని వెడల్పాటి పాత్రలో పోసి పెద్ద మంట మీద మరగనివ్వండి. మాంసం బయటే ఉంది కాబట్టి ఇప్పుడు గలగలా మరిగినా భయం లేదు. దాదాపు సగానికి వచ్చాక చెంచా వెనక్కి తిప్పి ముంచి, దాని మీద వేలితో గీత గీయండి. గీత కలిసిపోకుండా నిలబడితే చిక్కదనం సరిపోయింది. కొల్లాజెన్ ఉన్న ముక్క ఎంచుకున్నవారికి పిండి అవసరమే రాదు. జిలాటిన్ చిక్కదనం వేరు, పెదవులకు సన్నగా అంటుకుంటుంది. సమయం లేకపోతే ఒక చిన్న చెంచా మొక్కజొన్న పిండిని చన్నీళ్లలో కలిపి పోసి నిమిషం మరిగించండి.

ఉప్పు చివరి సవరణ చిక్కబడిన తర్వాతే. ముందే సరిచేస్తే ద్రవం సగమయ్యేసరికి ఉప్పదనం రెట్టింపవుతుంది. రుచి చూసి ఏదో లోపించింది అనిపిస్తే ఉప్పు వైపు చేయి చాచే ముందు అర చెంచా వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలిపి చూడండి. గంటలు ఉడికిన గ్రేవీ తరచుగా మొద్దుబారుతుంది, చిటికెడు పులుపు దాన్ని మేల్కొలుపుతుంది. ముక్కలను తిరిగి అందులో వేసి, సన్నసెగ మీద ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, తరిగిన తాజా ఆకుకూర ఏదైనా చల్లితే వడ్డనకు సిద్ధం. రసం పీల్చుకునేది పక్కన ఏది ఉన్నా, అన్నమైనా రొట్టె అయినా మెదిపిన బంగాళాదుంప అయినా, బాగుంటుంది.

కుక్కర్, స్లో కుక్కర్

తీరిక లేని రోజున ప్రెజర్ కుక్కర్ తప్పేమీ కాదు. పూర్తి ఒత్తిడిలో లోపలి వేడి 115 నుంచి 120 డిగ్రీల దాకా వెళుతుంది కాబట్టి కొల్లాజెన్ చాలా వేగంగా కరుగుతుంది. వేయించడం, అడుగు గీకడం మామూలుగానే చేసి, ద్రవాన్ని సగానికి తగ్గించి, మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి భుజం మాంసాన్ని 35 నుంచి 45 నిమిషాలు ఉంచండి. కుక్కర్ కంపెనీ చెప్పిన కనీస ద్రవం మాత్రం ఉండాలి. తర్వాత ఆవిరిని చేత్తో వదలకండి. ఒత్తిడి ఒక్కసారి పడిపోతే లోపలి ద్రవం భగ్గున మరిగి, ముక్కలు చెదిరి ఎండిపోతాయి. తనంతట తాను దిగనివ్వాలి. రుచి దగ్గరగానే వస్తుంది, గ్రేవీ మాత్రం పలుచగా ఉంటుంది, చివర్లో మరిగించుకోవాలి.

స్లో కుక్కర్‌లో అయితే ‘లో’ అనే తక్కువ వేడి మీద ఎనిమిది గంటలు. ఆవిరి పోదు కాబట్టి ద్రవం ముక్కల ఎత్తులో మూడో వంతు చాలు. పచ్చి మాంసాన్ని నేరుగా అందులో పడేయకుండా విడిగా వేయించి వేసుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

మర్నాటికి

వీలైతే ఒక రోజు ముందే వండండి. ఈ మాట అతిశయోక్తి కాదు. రాత్రంతా గ్రేవీలో ఉన్న ముక్క రుచి సర్దుకుంటుంది, కొవ్వు పైన గడ్డకట్టి పెంకులా ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. కొవ్వు తీసే పని ఇంత శుభ్రంగా ఇంకెలా చేసినా జరగదు. కింద గ్రేవీ జెల్లీలా నిలబడి ఉంటే మీరు సరైన మాంసం తెచ్చారని అర్థం. రొమ్ము భాగాన్ని పెద్ద ముక్కగా వండినవారు చల్లగా ఉన్నప్పుడే పోగులకు అడ్డంగా కోయండి, వేడిగా ఉన్నప్పుడు కత్తి కింద చితికిపోతుంది.

పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెట్టకూడదు, మధ్యలో వేడి గంటల తరబడి నిలిచిపోతుంది. లోతు తక్కువ పాత్రల్లోకి పంచి, రెండు గంటల్లోపు 5 డిగ్రీల దిగువకు చేర్చే ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు నాలుగు రోజులు నిలవ ఉంటుంది. ఇంకా కావాలంటే ముక్కలు పూర్తిగా గ్రేవీలో మునిగేలా సర్ది ఫ్రీజర్‌లో పెడితే రెండు మూడు నెలలు రుచి తగ్గదు. బయటికి తేలిన ముక్క అంచులు ఎండి రంగు మారతాయి.

తిరిగి వేడిచేసేటప్పుడు కూడా సెగ సన్నగానే ఉండాలి. మూత పెట్టి, జెల్లీ కరిగేదాకా కదపకుండా ఉంచి, కరిగాక ఒకసారి గిన్నెను తిప్పండి. గరిటె పెట్టి కలిపితే ముక్కలు చిదుగుతాయి. మధ్యలో ముక్క కూడా 74 డిగ్రీలు దాటి పొగలు కక్కేదాకా వేడెక్కాలి. ఒకసారికి కావలసినంతే తీసి వేడిచేసుకోండి, మిగిలింది చల్లగానే ఉండనివ్వండి. చివరికి గ్రేవీ ఎక్కువై ముక్కలు తక్కువైతే, ఉన్న ముక్కలను ఫోర్కుతో పోగులుగా విడదీసి అందులోనే చిక్కగా ఉడికించి, ఉడికిన పాస్తాలో గానీ రొట్టె మధ్యలో గానీ పెట్టుకోండి.